విద్యార్థులకు సైనిక శిక్షణ: 1920 చట్టాల నుంచి నేటి వివాదం దాకా

విద్యార్థులందరికీ సైనిక శిక్షణ తప్పనిసరి చేయాలన్న వాదన 2025 మే నాటి సరిహద్దు ఉద్రిక్తతల తర్వాత మళ్లీ బలంగా వినిపిస్తోంది. ఒకటో తరగతి నుంచే ప్రాథమిక సైనిక శిక్షణ ప్రవేశపెడతామని ఆ మరుసటి నెలలో మహారాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి ప్రకటించారు. గెజిటెడ్ ఉద్యోగాలు కోరేవారికి ఐదేళ్ల సైనిక సేవ తప్పనిసరి చేయాలని 2018లోనే రక్షణ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం సూచించింది. ఈ వాదన చేసేవారు సాధారణంగా 1962 చైనా యుద్ధం దగ్గర మొదలుపెడతారు. కానీ నేటి వివాదానికి మూలం అంతకు నాలుగు దశాబ్దాల ముందు, 1917కూ 1920కీ మధ్య జరిగిన పరిణామాల్లో ఉంది.

1857 తర్వాత యూరోపియన్లతో వాలంటీరు దళాలు ఏర్పడటం, భారతీయులు ఆయుధాలు ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి చేసిన 1878 ఆయుధ చట్టం, భారతీయులనూ వాలంటీర్లుగా చేర్చుకోవాలని కాంగ్రెస్ 1886లో కలకత్తాలోనూ, 1887లో మద్రాసులోనూ చేసిన తీర్మానాలు చాలామందికి తెలిసినవే. అవి నిర్బంధ శిక్షణ కోసం చేసిన తీర్మానాలు కావన్న సంగతి మాత్రం ఇక్కడ గుర్తుంచుకోవాలి. స్వచ్ఛందంగా చేరే హక్కును ఆ తరం అడిగింది, ముప్పై ఏళ్లపాటు ఆ హక్కు దక్కలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం మూడో ఏట, 1917లో, ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం వచ్చింది. దాని కింద యూరోపియన్ బ్రిటిష్ ప్రజలకు సేవ నిర్బంధమైంది, భారతీయులకు ఐచ్ఛికమైంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో విద్యార్థి దళం ఆ ఏడాదే ఏర్పడింది. అంతకుముందు 49వ బెంగాలీ పటాలంలో చేరబోయి, కంటిచూపు పరీక్షలో తప్పిన సుభాష్ చంద్ర బోస్ అందులో చేరి, కలకత్తా మైదానంలోనూ బెల్ఘరియాలోనూ దాదాపు నాలుగు నెలల శిబిర జీవితం గడిపారు. రైఫిళ్లు తీసుకోవడానికి ఫోర్ట్ విలియంలోకి కవాతు చేస్తూ వెళ్లిన తొలిరోజున, తమకు హక్కుగా చెందవలసినదీ, అన్యాయంగా దూరమైనదీ తిరిగి చేతికందినట్టు అనిపించిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ కుర్రాళ్లను ఎవరూ బలవంతాన తీసుకురాలేదు. శిబిరంలో వారు నేర్చుకున్న క్రమశిక్షణను ఆ ఇష్టం నుంచి విడదీసి చూడలేం.

యుద్ధం ముగిశాక, 1920లో, ప్రభుత్వం ఒకేసారి రెండు చట్టాలు చేసింది. అసలు మలుపు ఇదే. ఆగ్జిలరీ ఫోర్స్ చట్టం యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ, ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ చట్టం భారతీయులకూ ఉద్దేశించినవి. మొదటి దళంలో ఫిరంగి దళాలు, గుర్రపు దళాలు, మెషిన్‌గన్ విభాగాలు ఉండేవి. తెలుగువారి మధ్యనే పనిచేసిన హైదరాబాద్ రైఫిల్స్, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే రైఫిల్స్ ఈ కోవకే చెందుతాయి. ఈ దళాల సభ్యులను వారి ప్రాంతం దాటించి యుద్ధానికి పంపే అధికారం ప్రభుత్వానికి లేదు. భారతీయుల దళం దాదాపు అంతా పదాతి దళమే. ఆయుధాలు తక్కువ, బాధ్యత ఎక్కువ. అవసరమైతే దాన్ని రాష్ట్రం దాటించి, ప్రత్యేక ఉత్తర్వుతో దేశం దాటించి కూడా పంపవచ్చు.

విశ్వవిద్యాలయ శిక్షణ దళం, అంటే యూటీసీ, ఈ రెండో చట్టం నీడలో ఏర్పడింది. అందులో ఒక ఏడాది ఎలా గడిచేదో చూస్తే తర్వాతి చరిత్ర సగం అర్థమవుతుంది. కళాశాల తెరిచాక కొత్తవారు చేరేవారు. చదువు జరిగే నెలల్లో కళాశాల మైదానంలో కవాతు, రైఫిల్ పట్టడం, గురిచూసి కాల్చడం నేర్పేవారు. ఏడాదికోసారి దాదాపు పదిహేను రోజుల శిబిరం జరిగేది. దళాధికారులుగా అధ్యాపకులు ఉండేవారు. పాఠం చెప్పే మనిషే యూనిఫాం తొడుక్కుని వరుస ముందు నిలబడేవాడు. పర్యవేక్షణకూ శిక్షణకూ సైన్యం నుంచి బ్రిటిష్ అధికారులు, సార్జెంట్లు వచ్చేవారు. ఏడాది పూర్తయితే తిరిగి మొదటి పాఠమే. ఈ విద్యార్థులకు యుద్ధబాధ్యత లేదు, అలాగే శిక్షణ పూర్తిచేసినందుకు సైన్యంలో అధికారి అయ్యే దారీ లేదు. బ్రిటన్‌లోని సైనికాధికారుల శిక్షణ కళాశాల శాండ్‌హర్స్ట్‌లో భారతీయులకు ఏటా పది స్థానాలే కేటాయించిన కాలమది. డెహ్రాడూన్‌లో సైనిక అకాడమీ 1932లో గానీ తెరుచుకోలేదు.

ఈ లోపాన్ని భారతీయ ప్రతినిధులు అప్పుడే గుర్తించారు. భారత సైన్య వ్యవస్థను పరిశీలించిన ఎషర్ కమిటీ నివేదికపై 1921 మార్చిలో కేంద్ర శాసనసభలో మద్రాసు రాష్ట్రానికి చెందిన సర్ పి.ఎస్. శివస్వామి అయ్యర్ ప్రతిపాదించిన తీర్మానాల సారం ఏమిటంటే, భారత సైన్యం పని భారత రక్షణే కావాలి, అధికారి పదవుల్లోకి భారతీయులు రావాలి, టెరిటోరియల్ దళం పటిష్ఠం కావాలి. శిక్షణకు గమ్యం ఉండాలన్నది ఆయన వాదన. సర్ జాన్ షీ అధ్యక్షతన 1924లో ఏర్పడిన కమిటీ కూడా రెండు దళాల మధ్య ఉన్న వ్యత్యాసాలనే ప్రధానంగా పరిశీలించింది. సామర్థ్యం, ఖర్చు అన్న కారణాలు చూపి ప్రభుత్వం నెమ్మదిగానే కదిలింది. 1942లో యూటీసీ పేరు యూఓటీసీగా (విశ్వవిద్యాలయ అధికారుల శిక్షణ దళం) మారింది, పనితీరు మాత్రం ఆశించినంతగా మెరుగుపడలేదు.

ఇక్కడి నుంచి 1963కు వెళ్లడం సబబు, ఎందుకంటే నేడు నిర్బంధాన్ని కోరేవారు చూపేది ఆ ఏడాదినే. చైనా యుద్ధంలో పరాజయం తర్వాత కళాశాల విద్యార్థులకు ఎన్‌సీసీని (నేషనల్ క్యాడెట్ కోర్) తప్పనిసరి చేశారు. దేశానికి శిక్షణ పొందిన యువత సిద్ధంగా ఉండాలని, క్రమశిక్షణ చిన్ననాడే అలవడాలని అప్పటి వాదన, ఇప్పటి వాదనా అదే. ఆ ఆందోళనను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అదే సమయంలో సైన్యం కూడా శరవేగంగా విస్తరిస్తుండటంతో నేర్పేవారూ సామగ్రీ చాలలేదు. విద్యార్థుల సంఖ్య పెరిగింది, వారికి అందిన శిక్షణ పలచబడింది. ఐదేళ్లు తిరిగేసరికి, 1968లో, ఎన్‌సీసీ తిరిగి ఐచ్ఛికమైంది. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది వాలంటీర్లతో జాతీయ సేవా పథకం మొదలైంది. తుపాకీ పట్టనివారికి గ్రామసేవ దారి చూపిన ఈ పథకం నేటికీ కొనసాగుతోంది.

నిజానికి యూటీసీ వైఫల్యానికి స్వతంత్ర భారతం మొదట వెతికిన జవాబు నిర్బంధం కాదు. హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన 1946లో నియమితమైన కమిటీ సిఫార్సుల మీద 1948 ఏప్రిల్‌లో ఎన్‌సీసీ చట్టం వచ్చింది, జూలైలో దళం మొదలైంది, మరుసటి ఏడాదే బాలికల విభాగం ఏర్పడింది. జాతి ప్రాతిపదికన విడగొట్టిన పాత దళాలు అంతకుముందే చరిత్రలో కలిసిపోయాయి. 1920ల్లో మూసి ఉన్న తలుపు కూడా తర్వాతి దశాబ్దాల్లో తెరుచుకుంది. నేడు ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులు ప్రత్యేక ప్రవేశం ద్వారా, రాతపరీక్ష లేకుండానే, అధికారుల ఎంపికకు నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. శివస్వామి అయ్యర్ అడిగిన గమ్యం అలా ఏర్పడింది.

పాత లోపాల్లో మిగిలింది ఒక్కటే, అది నేర్పేవారి కొరత. కళాశాలల్లో ఎన్‌సీసీ భారం నేటికీ ఏఎన్‌ఓలుగా (అసోసియేట్ ఎన్‌సీసీ అధికారులుగా) పనిచేసే అధ్యాపకుల మీదే ఉంది. ఈ ఏర్పాటు యూటీసీ నుంచి వచ్చిందే. క్యాడెట్ల సంఖ్యను మరో మూడు లక్షలు పెంచి మొత్తం 20 లక్షలకు చేర్చాలని కేంద్రం నిర్ణయించి, శిక్షకులుగా మాజీ సైనికులను తీసుకుంటోంది. అయినా ఎన్‌సీసీ కోసం దరఖాస్తు చేసి ఎదురుచూస్తున్న విద్యాసంస్థలు ఉన్నాయి. ఖర్చంతా తామే భరించే స్వయం ఆర్థిక పథకం కింద కొన్ని కళాశాలలు చేరుతున్నాయి. సికింద్రాబాద్ కేంద్రంగా రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఉన్న ఎన్‌సీసీ డైరెక్టరేట్ కూడా ఈ దేశవ్యాప్త ఏర్పాటులో భాగమే. ఇష్టపడి వచ్చినవారందరికీ చోటు చూపలేని స్థితిలో, ఇష్టం లేనివారిని కూడా వరుసలో నిలబెడితే 1963 నాటి అనుభవమే ఎదురవుతుంది.

ఎన్‌సీసీ చట్టం క్యాడెట్‌పై యుద్ధసేవ బాధ్యత మోపదు. విద్యార్థి నమోదుకు తనంతట తాను ముందుకు రావచ్చనే ఆ చట్టం చెబుతుంది. శిక్షణను శాసనం ద్వారా నిర్బంధం చేయదలిస్తే పార్లమెంటు ముందుగా సవరించవలసింది ఆ నిబంధననే.