ఆత్మీయ ఎడారి: పాపాన్ని వెదికే ముందు నిర్గమకాండము 13 చదవండి

బెంగళూరులో ఒక తెలుగు సంఘానికి కాపరిగా ఉన్న నన్ను ఆదివారం ఆరాధన ముగిశాక పక్కకు పిలిచి మాట్లాడేవారిలో చాలామంది అడిగేది ఒకే ప్రశ్న: "పాస్టర్ గారూ, ఎంత ప్రార్థించినా గోడతో మాట్లాడినట్టే ఉంది, నాలో ఇంకా ఏ పాపం మిగిలిపోయింది?" ఉద్యోగం పోయినవారు, సంబంధాలు కుదరక కుంగిపోయినవారు, సొంత ఊరి సంఘాన్ని వదిలి వచ్చి మారతహళ్లి పీజీ గదుల్లో ఒంటరిగా గడుపుతున్నవారు, అందరూ ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు.

అపోహ: ఎడారి అనుభవం, అంటే దేవుడు దూరమైనట్టు, ప్రార్థన ఎండిపోయినట్టు అనిపించే కాలం, వచ్చిందంటే దేవుడు శిక్షిస్తున్నాడని అర్థం.

వాస్తవం: ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులు అరణ్యంలో అడుగుపెట్టేనాటికి పూజించడానికి బంగారు దూడను చేయలేదు, కనాను దేశాన్ని చూసి వచ్చిన వేగులవారి మాట విని సణగనూ లేదు. ఫిలిష్తీయుల దేశం మీదుగా దగ్గరి దారి ఉన్నా, యుద్ధం చూసి జనులు ఐగుప్తుకు తిరిగిపోతారేమోనని దేవుడే వారిని అరణ్యమార్గంలో నడిపించాడని నిర్గమకాండము 13 చెబుతోంది. మేఘస్తంభం వారి ముందు నడిచింది కూడా ఆ దారిలోనే. యేసు బాప్తిస్మం పొంది, "ఈయనే నా ప్రియకుమారుడు" అనే స్వరం వినబడిన వెంటనే ఆయనను అరణ్యానికి కొనిపోయింది ఆత్మయే. తండ్రికి ఇష్టుడైన కుమారునికి దొరికిన దారి మనకు దొరికితే దాన్ని శాపం అనడానికి మనకేం అధికారం ఉంది?

నలభై ఏళ్ల సంచారం అవిశ్వాసానికి వచ్చిన తీర్పేనని సంఖ్యాకాండము 14 స్పష్టంగా చెబుతోంది కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, పాపం ఉంటే ఒప్పుకోవలసిందే. అయితే ఆ తీర్పు నడుస్తున్న నలభై ఏళ్లలోనూ మన్నా, అంటే అరణ్యంలో దేవుడు వారికి కురిపించిన ఆహారం, ఆగలేదు. కనాను పంట తిన్న మరునాడు గానీ అది మానిపోలేదని యెహోషువ 5 చెబుతోంది. శిక్షలో ఉన్నవారికే ఆహారం ఆపని దేవుడు, కారణం తెలియక ఏడుస్తున్న బిడ్డను విడిచిపెట్టాడని ఎలా అంటాం?

ఈ ఒక్క అపోహ వల్ల జరిగే నష్టం నేను కళ్లారా చూస్తున్నాను. ఐటీ ఉద్యోగం పోయిన ఒక సహోదరి ఒకసారి నా ముందు ఒక నోటుపుస్తకం తెరిచింది. చిన్నప్పటి నుంచి చేసిన తప్పులన్నీ తేదీలతో సహా రాసుకొంది. పదో తరగతిలో స్నేహితురాలి దగ్గర తీసుకొని తిరిగి ఇవ్వని జామెట్రీ బాక్సు కూడా అందులో ఉంది. పితరుల శాపం ఉందని, ఉపవాసముండి ప్రత్యేక కానుక పంపితే కట్లు తెగుతాయని ఎవరో ఫోనులో చెబితే, ఇంటి అద్దెకు దాచిన డబ్బు ఫోన్‌పే చేసింది. భయపడినవారి జేబును లక్ష్యం చేసుకొనే ఇలాంటి మాటల పట్ల నాకు ఏమాత్రం ఓపిక లేదు. ఆమెను మాత్రం నేను తప్పుపట్టలేను. జవాబు లేని బాధ కంటే తప్పు తనదే అనుకోవడం మనిషికి సులువు. నేను ముందుగా అడిగింది పాపం గురించి కాదు, రాత్రి నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని. రెండూ లేవు.

కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలపై గెలిచిన తర్వాత యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు, ఏలీయా మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. దేవుని పర్వతమైన హోరేబుకు ప్రయాణం ఆ తర్వాతి సంగతి. అందుకే ఆ సహోదరిని మా సంఘంలోని ఒక కుటుంబం కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకొంది, తర్వాత వైద్యుని దగ్గరికీ తీసుకువెళ్లింది. మందు వేసుకోవడం అవిశ్వాసమనేది మరో అపోహ, దాన్ని ఇక్కడే కొట్టిపారేస్తున్నాను. మన ఊళ్లోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. చచ్చిపోవాలనిపించే ఆలోచనలు వస్తుంటే ఆదివారం దాకా ఆగకుండా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు, ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఎడారి సరిగ్గా నలభై రోజులే అనడం తప్పు. మోషే మిద్యానులో ఉన్నది నలభై ఏళ్లు. అనుభూతి లేకపోతే దేవుడు లేడనడమూ తప్పు. మదర్ థెరిసా దశాబ్దాల పాటు లోపలి చీకటిని మోస్తూనే సేవ చేశారని 2007లో ప్రచురితమైన ఆమె లేఖలు తెలిపాయి. ప్రతి ప్రార్థనా స్తుతితోనే ముగియాలనేవారు 88వ కీర్తన చివరి వచనం చదవాలి, అది చీకటితోనే ముగుస్తుంది.

ఇక ఎదుగుదల విషయం. ఎడారిలో ఎదగడమంటే ఎక్కువ గంటలు ప్రార్థించడమని చాలామంది అనుకుంటారు. మన్నాను ఏ రోజుకు ఆ రోజే కూర్చుకోవాలి, మరునాటికి దాచితే పురుగుపట్టేది, విశ్రాంతిదినానికి మాత్రం ముందురోజే రెండింతలు దొరికేది. ద్వితీయోపదేశకాండము 8 ప్రకారం దేవుడు వారికి నేర్పింది ఈ దినదిన ఆధారమే. అందుకే నా దగ్గరికి వచ్చేవారికి గంటల ఉపవాస ప్రార్థన చెప్పను. రోజుకొక కీర్తన పైకి చదవమంటాను, ఏడుపొస్తే ఏడవమంటాను, ఆరాధనలో పాట పాడలేకపోతే వెనుక వరుసలో కూర్చుని మిగతావారు పాడుతుంటే వినమంటాను. కానుక ఆ నెల ఇవ్వకపోయినా ఎవరూ అడగరు.