గేటు లైటులో గ్లాసుడు నీళ్లు: ఇంటి బయట లైట్లపై అపోహలు - వాస్తవాలు

కాకినాడలో ఇళ్ల వైరింగ్ పనులు చేస్తుంటాను. వాన పడిన మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగిందంటే గేటు లైటో, మేడ మెట్ల లైటో పోయిందనే అర్థం. వెళ్లి చూస్తే తప్పు లైటుది కాదు, దాన్ని పెట్టిన తీరుది.

అపోహ: డబ్బా మీద ఐపీ65 అని ఉంటే వానకు భయం లేదు.

ఆ రెండంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. 6 అంటే దుమ్ము లోపలికి పోదు. 5 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. మునిగినా తట్టుకోవాలంటే 67 కావాలి. అయితే ఆ అంకెలు లైటుకే గానీ మనం వేసిన జాయింటుకు కావు. కిందటి వానాకాలం ఒకరింట్లో గేటు పిల్లర్ లైటు ఆరు నెలలకే పోయింది. కంపెనీ మోసం చేసిందని వాళ్ల కోపం. విప్పితే గ్లాసుడు నీళ్లు, చచ్చిన పురుగులతో సహా నా చేతి మీద పడ్డాయి. రబ్బరు వాషర్ కొత్తదానిలాగే ఉంది. వెనకవైపు మాత్రం వైరు దూర్చడానికి ఎవరో డ్రిల్లుతో ఇంకో కన్నం పెట్టి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఎండకు టేపు బిరుసెక్కి ఊడిపోయింది.

జాయింటు మూతున్న బాక్సులో ఉండాలి. వైరు లైటులోకి వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడేలా ఒంపు తిప్పాలి. వైరు వెంట జారే నీళ్లు ఆ ఒంపు దగ్గరే కింద పడిపోతాయి. పైసా ఖర్చు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

అపోహ: వెలుగు ఎంత ఎక్కువైతే ఇంటికి అంత భద్రత.

పోర్టికో మీద 50 వాట్ల ఫ్లడ్ లైటు వీధి వైపు తిప్పి పెడతారు. ఎదురింటివాళ్లకు నిద్ర ఉండదు. గేటు దగ్గర నిలబడిన మనకు కళ్లు చెదిరి, పక్కన చీకట్లో ఎవరున్నారో కనిపించదు. లైటు కిందికి చూడాలి. మెట్లకు 5 వాట్లు చాలు, గేటుకు 9 వాట్లు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగు ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తోంది. వాట్లు చెప్పేది కరెంటు ఖర్చు. వెలుగు కావాలంటే డబ్బా మీద ల్యూమెన్లు చూడండి.

అపోహ: పసుపు లైటు డల్లుగా ఉంటుంది, తెల్లదే మంచిది.

వెలుగు రంగును డబ్బా మీద కెల్విన్లలో చెబుతారు. 6500 కెల్విన్ తెల్ల వెలుగులో నీలం పాలు ఎక్కువ, పురుగులు దానికే ఎక్కువగా వస్తాయి. 3000 కెల్విన్ పసుపు లైటుకు తగ్గుతాయి, పూర్తిగా పోవు. తొలకరి సాయంత్రం ఉసిళ్లు లేచినప్పుడు ఏ లైటైనా ఒకటే, ఓ గంట ఆర్పేయడమే మందు. ‘పసుపు లైటులో సంక్రాంతి ముగ్గు రంగులు తెలియడం లేదు బాబూ’ అని ఒక పెద్దావిడ అన్నారు. నిజమే. ఆ ఇంటికి వేరే స్విచ్ మీద తెల్ల లైటు ఒకటి పెట్టాను.

సోలార్ లైట్ల సంగతి రెండు ముక్కల్లో: మొక్కల మధ్య అందానికి బాగుంటాయి. మామిడి చెట్టు నీడలోనో, ముసురు రోజుల్లోనో అర్ధరాత్రికే నీరసపడతాయి. మెట్ల దగ్గర వాటినే నమ్ముకోకండి.

అపోహ: ఎల్ఈడీ షాక్ కొట్టదు, ఎర్తు అక్కర్లేదు.

లోపల ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చే డ్రైవర్ దాకా వచ్చేది 230 వోల్టులే. తడి గోడ, ఇనుప బాడీ, చెప్పుల్లేని పిల్లలు... ఎర్తు వైరు లేకుండా ఎలా? బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ కూడా ఉండాలి. వాన పడితే అది ట్రిప్ అవుతోందని, తీసి డైరెక్టుగా కలిపేయమని అడుగుతారు. ఎక్కడో నీళ్లు దిగాయని అది చెబుతోంది. ‘ఎక్కడ దిగాయో వెతికి బాగు చేస్తాను గానీ, దాన్ని మాత్రం తీయనండీ’ అంటాను. కొందరు వేరే అతన్ని పిలిపించుకుంటారు.