కూటమిలో చిన్న పార్టీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరం జిల్లాలో తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమిలోని ఒక చిన్న పార్టీ తరఫున బూత్ కమిటీల సమన్వయం చూస్తుంటాను. ఈ పనిలో తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: పొత్తు కుదిరితే ఓటు తనంతట తానే బదిలీ అవుతుంది.

వాస్తవం: 2024లో నెల్లిమర్లలో కూటమి గుర్తులు శాసనసభకు గాజు గ్లాసు (జనసేన), లోక్‌సభకు సైకిల్ (తెలుగుదేశం); అదే వరుసలో ఎచ్చెర్లలో కమలం (బీజేపీ), సైకిల్, పాలకొండలో గ్లాసు, కమలం. అంటే ఏళ్ల తరబడి సైకిల్‌కు ఓటేసిన పాలకొండ ఓటరుకు రెండు యంత్రాల్లోనూ ఆ గుర్తు కనిపించలేదు (అభ్యర్థి మాత్రం ఎన్నికల ముందు తెలుగుదేశం నుంచి వచ్చినవారే). ఈ మూడు శాసనసభ స్థానాలూ కూటమికే దక్కాయి. అయితే పాలకొండ ఉన్న అరకు లోక్‌సభ పరిధిలో ఏడింట ఐదు శాసనసభ స్థానాలు గెలిచిన కూటమి, బీజేపీ పోటీ చేసిన ఎంపీ స్థానాన్ని వైఎస్సార్ కాంగ్రెస్‌కు కోల్పోయింది. టికెట్ దక్కని స్థానిక నాయకుడూ, అతని వెంట ఉండే ఊరి పెద్దలూ మనసు పెట్టి తిరిగితేనే ఓటు కదులుతుంది కనుక, ప్రచారంలో మా శ్రమ చాలావరకు ప్రత్యర్థిని ఎదుర్కోవడానికి కాక మిత్రులను బుజ్జగించడానికే సరిపోతుంది.

అపోహ: చిన్న పార్టీ తప్పుకుంటే ప్రభుత్వం పడిపోతుంది.

వాస్తవం: 175 స్థానాల సభలో 88 చాలు, తెలుగుదేశానికి ఒంటరిగానే 135 వచ్చాయి. జనసేన గెలిచిన 21, బీజేపీ గెలిచిన 8 లేకున్నా ప్రభుత్వం నిలుస్తుంది. కాబట్టి చిన్న పార్టీ బేరమంతా రాబోయే ఎన్నిక మీదే ఆధారపడి ఉంటుంది. 2024 జూన్ మంత్రివర్గంలో జనసేనకు మూడు పదవులు దక్కినా, శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల మంత్రులు ముగ్గురూ తెలుగుదేశం వారే.

అపోహ: కూటమి విప్‌కు (సభలో ఎలా ఓటేయాలో చెప్పే ఆదేశానికి) ఎమ్మెల్యేలందరూ కట్టుబడాలి.

వాస్తవం: పార్టీ ఫిరాయింపులను నిరోధించే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం ఎమ్మెల్యేను కట్టిపడేసేది సొంత పార్టీ విప్ ఒక్కటే.

అపోహ: పార్టీ గుర్తు ఎప్పుడూ పార్టీదే.

వాస్తవం: ఎన్నికల సంఘం గుర్తింపు పొందని పార్టీకి ఆ భరోసా లేదు. 2024లో జనసేన పోటీలో లేని కొన్ని చోట్ల గాజు గ్లాసును స్వతంత్రులకు కేటాయించగా, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. పొత్తు కోసం సీట్లు వదులుకున్న చోటే గుర్తు పరుల చేతికి పోయి, కూటమి ఓటును చీల్చే ప్రమాదం ఏర్పడింది. 2025 జనవరిలో రాష్ట్ర పార్టీగా గుర్తింపు లభించాకే ఆ గుర్తు రాష్ట్రమంతటా జనసేనకు రిజర్వు అయింది.