చారల బ్యాక్‌గ్రౌండ్: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే వారానికి ఇద్దరు ముగ్గురైనా ఒకే రకమైన ఫైలు పట్టుకొని నా దగ్గరకు వస్తారు. ముందు వధూవరుల పేర్లు, వెనుక ఏటవాలు చారలు, ఆ చారల మీద ఎవరూ గీయని సన్నని గళ్లు ఉంటాయి. ప్రింటర్ పాడైందేమో చూడమని అడుగుతారు. ప్రింటర్‌లో ఏ లోపమూ ఉండదు.

అపోహ: చారలు గీసి, 45 డిగ్రీలు తిప్పి, ఎక్కడో ఒకచోట చతురస్రంగా కత్తిరిస్తే ప్యాటర్న్, అంటే పక్కపక్కన పరిచి బ్యాక్‌గ్రౌండ్ నింపే ముక్క, తయారవుతుంది.

వాస్తవం: ఎక్కువమందికి నష్టం తెచ్చేది ఈ నమ్మకమే. 10 పిక్సెళ్ల ముదురు చార, 10 పిక్సెళ్ల లేత చార కలిసి 20 పిక్సెళ్ల జత అనుకుందాం. తిప్పిన తరువాత అడ్డంగా కొలిస్తే అదే జత 28.28 పిక్సెళ్లు అవుతుంది, ఎందుకంటే 45 డిగ్రీల వాలు దగ్గర 20ని 1.414తో గుణించాలి. అందులోంచి 100 పిక్సెళ్ల ముక్క తీస్తే మూడున్నర జతలు పడతాయి. మిగిలిన ఆ అర జత వల్ల, ఈ ముక్క (టైల్) పక్కన అదే ముక్క చేరినప్పుడు ముదురు చార వెళ్లి లేత చారకు తగులుతుంది. అదే అతుకు.

తిప్పిన చారలనే వాడాలంటే 198 పిక్సెళ్ల చతురస్రం తీయండి. ఏడు జతలు 197.99 దగ్గర ముగుస్తాయి కనుక తేడా కంటికి అందదు. నేను మాత్రం అసలు తిప్పను. 40 పిక్సెళ్ల ఖాళీ చతురస్రంలో పై అంచు కుడి సగాన్ని ఎడమ అంచు కింది సగంతో కలుపుతూ ఒక పట్టీ నింపి, కుడివైపు కింది మూలలో 20 పిక్సెళ్ల భుజాలతో ఒక త్రిభుజం నింపుతాను. ఫోటోషాప్ ఎడిట్ మెనూలో డిఫైన్ ప్యాటర్న్ నొక్కే ముందు ఫిల్టర్ మెనూలోని ఆఫ్‌సెట్‌ను ర్యాప్ అరౌండ్‌తో (ఒక అంచు దాటినది ఎదుటి అంచు నుంచి తిరిగి వచ్చేలా) పెట్టి, టైల్‌ను రెండు వైపులా సగం జరిపి చూస్తాను. అతుకు ఉంటే నడిమధ్యన కనిపిస్తుంది.

ఇంత పట్టుదలకు కారణం ఉన్నది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డుల పని నేర్చుకుంటున్న రోజుల్లో, 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉన్న కార్డుకు 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఇదే 100 పిక్సెళ్ల ముక్కను పరిచాను. నిలువుగా 14, అడ్డంగా 20 అతుకులు పడ్డాయి. తెర మీద అవి లీలగా కనిపించినా, జూమ్ వల్ల అలా ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకొని 500 కార్డులు అచ్చువేయించాను. పెళ్లికూతురి తండ్రి కార్డును వెలుతురుకు పట్టి చూసి, "బాబూ, మేము చారలు అడిగితే నువ్వు గళ్ల లుంగీ ఇచ్చావు" అన్నారు. మళ్లీ అచ్చువేసిన కాగితం ఖర్చు నేనే పెట్టుకున్నాను.

జూమ్ మాట పూర్తిగా అబద్ధం కాదు. 33 లేదా 66 శాతంలో చూస్తే మంచి చారలు కూడా ఒకటి లావుగా, ఒకటి సన్నగా, మధ్యమధ్య అలలుగా కనిపిస్తాయి. రేపు ఉదయం ఫ్లెక్సీ కట్టాలనగా అర్ధరాత్రి అది చూసి గుండె జారిపోయిన వారి ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి, వారి కంగారు నాకు అర్థమవుతుంది. ఫోటోషాప్‌లో కంట్రోల్‌తో 1, ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఒట్టి 1 నొక్కితే 100 శాతం వస్తుంది. అక్కడ కనిపించని గీత ఫైల్‌లో లేనట్టే. అక్కడ కూడా కనిపిస్తే అచ్చులో తప్పకుండా వస్తుంది.

ఇమేజ్ సైజ్‌లో 72 డీపీఐని 300గా మార్చితే చారలు పదునెక్కుతాయన్నది ఒట్టి పుకారు. లేని పిక్సెళ్లను సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, అంచులు మసకబారుతాయి. గింప్‌లో ప్యాటర్న్ చేయలేమని కొందరంటారు, కానీ టైల్‌ను కాపీ చేయగానే అది క్లిప్‌బోర్డ్ ప్యాటర్న్‌గా వచ్చి కూర్చుంటుంది. ఇక ఎరుపు చారల ఫైల్‌ను జేపెగ్‌గా వాట్సాప్‌లో ఫోటోలా పంపి, అంచుల్లో రంగు కారిందని ప్రింటింగ్ వాళ్లతో గొడవపడకండి. పీఎన్‌జీగా సేవ్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి.