పాలపళ్లలో దొరికిన బాంబులు

పాలపన్ను ఊడితే మన ఊళ్లలో పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకు విసిరేవారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1958 డిసెంబరు నుంచి దాన్ని కవరులో పెట్టి పోస్టు చేయడం మొదలుపెట్టారు. పంపిన పిల్లలకు ‘నా పన్ను సైన్సుకిచ్చాను’ అని రాసిన బ్యాడ్జీ అందేది. 1970 నాటికి సుమారు 3,20,000 పళ్లు పోగయ్యాయి. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాన్నొకటి బెదిరించుకోవడానికి ఆరుబయట పేల్చిన బాంబుల మసి ఎక్కడ పేరుకుంటోందో తేల్చడానికే ఈ సేకరణ అంతా.

ఆ మసి ఎంత దూరం పోగలదో ప్రపంచానికి తెలిసింది 1954 మార్చి 1న. పసిఫిక్‌లోని బికినీ పగడపు దీవుల్లో ఆ రోజు అమెరికా పేల్చిన ‘బ్రావో’ బాంబు 6 మెగాటన్నుల దగ్గర ఆగుతుందని అంచనా (మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు). తీరా 15 మెగాటన్నులకు పోయింది. హిరోషిమా బాంబుకు దాదాపు 1,000 రెట్లు. లెక్క తప్పింది లిథియం దగ్గర. ఇంధనంలోని లిథియంలో 40 శాతం లిథియం-6, మిగతాది లిథియం-7. లిథియం-6 న్యూట్రాన్‌ను మింగి ట్రీషియం అనే బరువైన హైడ్రోజన్‌ను ఇస్తుంది, బాంబు మండేది దానితోనే. లిథియం-7 ఉత్త బరువేనని వదిలేశారు. కానీ మహా వేగంతో వచ్చిన న్యూట్రాన్ తగిలేసరికి అదీ విరిగి ట్రీషియం ఇచ్చింది, పైగా మరో న్యూట్రాన్‌ను విడిచిపెట్టింది. పనికిరాదనుకున్న సరుకే అగ్నిలో ఆజ్యం పోసింది.

పైగా బాంబును దిబ్బ మీదే పేల్చారు. దాదాపు 2 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి పడింది. అందులోని పగడపు రాయంతా కాలి, రేడియోధార్మిక పదార్థాలను అంటించుకుని పైకి లేచింది. పగడపు రాయి కాలితే వచ్చేది సున్నమే. 150 కిలోమీటర్ల అవతల రోంగెలాప్ దీవి మీద ఆ తెల్లటి పొడి కురిసింది. పిల్లలు దానితో ఆడుకున్నారు. వాళ్లను అక్కడి నుంచి తరలించడానికి రెండు రోజులు పట్టింది. తర్వాతి ఏళ్లలో ఆ పిల్లల్లో చాలామందికి థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. నిషేధిత ప్రాంతానికి బయటే ఉన్న ఒక జపాన్ చేపల పడవ మీదా అదే పొడి పడింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, వైర్‌లెస్ ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో లేచి, పూర్తి ఒప్పందం కుదిరేదాకా కనీసం పరీక్షలైనా నిలిపివేయమని కోరింది ఈ పేలుడు తర్వాతే.

బికినీ ఎక్కడో సముద్రంలో ఉంది. నెవాడా ఎడారి అలా కాదు. లాస్‌వేగస్‌కు 100 కిలోమీటర్ల దూరంలో 1951 జనవరిలో మొదలుపెట్టి, 1962 దాకా అక్కడ 100 బాంబులు బహిరంగంగా పేల్చారు. గాలి లాస్‌వేగస్, లాస్ ఏంజిలిస్‌ల వైపు వీచని రోజు చూసి పేల్చేవారు. అంటే అది తూర్పున యూటా పల్లెల మీదకు పోయేది. అక్కడితోనూ ఆగలేదు. 1953 ఏప్రిల్ 25న పేల్చిన బాంబు మేఘం ఒకటిన్నర రోజులో ఖండం దాటి న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణం మీద ఉరుముల వానలో దిగింది. ఆ ఊరి ఇంజినీరింగ్ కాలేజీలో రేడియో రసాయనశాస్త్రం చదివే విద్యార్థుల దగ్గరున్న, రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్లు ఉన్నట్టుండి టకటకలాడితేనే సంగతి బయటపడింది.

పరీక్షల గురించి ముందుగా కబురందుకున్న వాళ్లూ ఉన్నారు. రేడియోధార్మిక మంచు కురిసి ఫిల్ములు పాడవుతాయని కొడాక్ కంపెనీ ఫిర్యాదు చేస్తే, పరీక్షలు నడిపే అమెరికా అణుశక్తి కమిషన్ వాళ్లకు ముందే సమాచారం ఇవ్వడానికి ఒప్పుకుంది. పాడిరైతుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ కథలో ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి నాకు కనబడదు. ఎందుకంటే అసలు ప్రమాదం పాలలోనే ఉంది.

అధికారులు గామా మీటరు పట్టుకుని, ఆరుబయట నిలబడిన మనిషికి ఎంత సోకుతుందో కొలిచి, పర్వాలేదనేవారు. తిండి దారిన ఒంట్లోకి వెళ్లేది ఆ మీటరుకు చిక్కదు. బాంబు మసితో గడ్డి మీద పడిన రేడియోధార్మిక అయోడిన్-131ను ఆవు రోజంతా తిరిగి మేసి, అంత నేల మీద పడినదాన్ని ఒక్క బక్కెట్టులోకి చేరుస్తుంది. ఒంట్లో అయోడిన్ పోగయ్యేది గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో. పెద్దవాళ్లకు ఆ గ్రంథి సుమారు 20 గ్రాములుంటే ఏడాది పిల్లకు రెండు గ్రాములే. అవే పాలు, అంతే అయోడిన్, పదోవంతు గ్రంథి. మోతాదు పదింతలు.

విరుగుడు కష్టమైనదేమీ కాదు. అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగానికి తగ్గుతుంది. 80 రోజులకు వెయ్యోవంతు మిగులుతుంది. కొన్నాళ్లు ఆవులకు పాత ఎండుగడ్డి వేసి, ఆ పాలను పొడి చేసి నిలవబెడితే చాలు. దానికి మాత్రం బాంబు పేలిందని, గాలి ఇటే వచ్చిందని చెప్పాలి.

ఆ మసిలోనే ఉండే స్ట్రాంషియం-90 ఇంకో రకం. సగం కావడానికే సుమారు 29 ఏళ్లు పడుతుంది. రసాయన గుణాల్లో కాల్షియంకు తోడబుట్టినట్టుంటుంది కాబట్టి శరీరం దాన్ని ఎముకలోకి, పంటిలోకి చేర్చేస్తుంది. మెగాటన్ను బాంబులు దాన్ని వానమబ్బులకు పైనుండే స్ట్రాటోస్ఫియర్ పొరలోకి ఎగదోస్తాయి. అక్కడి నుంచి అది ఏడాది, రెండేళ్ల పాటు కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది.

ఎముక అరిగి మళ్లీ కడుతూ ఉంటుంది, పాలపన్ను అలా కాదు. తల్లి కడుపులో మొదలై పసితనంలో గట్టిపడ్డాక అందులోని ఖనిజం పెద్దగా మారదు. ఏడేళ్లకు ఊడిన పన్ను ఏడేళ్ల కిందటి పాల సంగతి చెబుతుంది. అందుకే పన్నుతో పాటు ఒక కార్డు నింపించేవారు: పుట్టిన తేదీ, పన్ను ఊడిన తేదీ, గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఉన్న ఊరు, బిడ్డ తాగింది తల్లిపాలా సీసాపాలా. ఈ పని నడిపింది లూయీస్ రీస్ అనే వైద్యురాలు. ఒక్క పన్నులో కొలవగలిగేంత స్ట్రాంషియం ఉండదు. ఒకే కాలంలో పుట్టిన పిల్లల ఒకే రకం పళ్లను కలిపి పరీక్షించాల్సిందే. లక్షల్లో సేకరించింది అందుకే. స్ట్రాంషియం-90ను కొలిచే మామూలు పద్ధతి నమూనాను కాల్చి బూడిద చేసి, ఆమ్లంలో కరిగించి, స్ట్రాంషియంను విడదీసి రెండు వారాలు ఊరుకోవడం. ఈలోగా దాని నుంచి పుట్టే యిట్రియం-90ను లెక్కిస్తారు.

మొదటి ఫలితాలు 1961 నవంబరులో అచ్చయ్యాయి. చివరకు తేలిన లెక్క ప్రకారం 1950లో పుట్టినవాళ్ల కంటే 1963లో పుట్టినవాళ్ల పళ్లలో స్ట్రాంషియం సుమారు 50 రెట్లు ఎక్కువ. 1961 అక్టోబరు 30న సోవియట్ వాళ్లు ఆర్కిటిక్‌లో పేల్చిన 50 మెగాటన్నుల బాంబు, మరుసటి ఏడాది అమెరికా వరస పేలుళ్లు అన్నీ ఆ లెక్కకు ముందువే.

సోవియట్ పిల్లల పళ్లు ఎవరూ అడగలేదు. కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్‌లో 40 ఏళ్లలో 456 పరీక్షలు చేశారు. చుట్టుపక్కల జనాన్ని పరీక్షించడానికి 1957లో పెట్టిన కేంద్రానికి ‘బ్రూసెల్లోసిస్ నివారణ డిస్పెన్సరీ’ అని బోర్డు కట్టారు. బ్రూసెల్లోసిస్ పశువుల నుంచి అంటే జబ్బు.

1963 ఆగస్టు 5న మాస్కోలో పాక్షిక నిషేధ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మూడు రోజులకు భారత్ కూడా చేసింది. పళ్లే ఈ పని చేశాయనడం అతిశయోక్తి. ముందటి అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణుల విషయంలో అమెరికా, సోవియట్ ఇద్దరికీ ముచ్చెమటలు పట్టాయి. భూగర్భ పరీక్షలను మాత్రం వదిలేశారు. చిన్న పేలుడుకూ భూకంపానికీ తేడా తేల్చడానికి ఏటా ఎన్నిసార్లు తనిఖీకి రావాలో ఇద్దరికీ కుదరలేదు. పోటీ నేలకిందకు పోయింది. పళ్లలో స్ట్రాంషియం తగ్గుముఖం పట్టింది.

2001లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లకు పాత స్టోరులో అప్పట్లో పరీక్షించకుండా మిగిలిపోయిన పళ్లు 85,000 దాకా దొరికాయి. చిన్న చిన్న కవర్లలో, ఒక్కోదానికీ దాని కార్డుతో సహా. ఆ స్టోరు రెండో ప్రపంచ యుద్ధం నాటి మందుగుండు బంకరు.