టికెట్ మీద 'వయా': ఆ మాట వెనుక ఉన్న కథ

గుంటూరు నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లడానికి రెండు దారులున్నాయి. పల్నాడు, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా వెళతాయి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ముందు విజయవాడకు వచ్చి, అక్కడి నుంచి ఖమ్మం, వరంగల్, కాజీపేట మీదుగా చుట్టు తిరిగి చేరుతుంది. మొదటి దారి సుమారు 285 కిలోమీటర్లు, రెండోది 380 దాటుతుంది. ఊరు అదే, స్టేషన్ అదే, తేడా దాదాపు వంద కిలోమీటర్లు. రిజర్వేషన్ లేని టికెట్ ఇచ్చేటప్పుడు "నల్గొండ మీదుగానా, కాజీపేట మీదుగానా?" అని క్లర్కు అడిగితే ప్రయాణికుడు ఆలోచించుకుని చెబుతాడు. ఆ ప్రశ్న రాకుండా టికెట్ చేతికి వస్తే, రెండింటిలో ఏ రైలు ముందొస్తే అది ఎక్కేవాళ్లే ఎక్కువ. టీటీఈ వచ్చి టికెట్ చూసినప్పుడు గానీ తాము కొన్న టికెట్ ఊరికి మాత్రమే కాదు, దారికి కూడా అన్న సంగతి వారికి తెలియదు.

ఆ టికెట్‌ను ఒకసారి దగ్గరగా చూడాలి. బయలుదేరే స్టేషన్, చేరే స్టేషన్, తరగతి, దూరం, ఛార్జీ ఉన్న చోటే 'వయా' అని ఉండి, దాని పక్కన స్టేషన్ల పొడి అక్షరాలు ఉంటాయి. కాజీపేటకు కె జెడ్ జె, నల్గొండకు ఎన్ ఎల్ డి ఏ, విజయవాడకు బి జెడ్ ఏ. ఆ చివరిదానిలో విజయవాడ ఎక్కడా లేదు, ఉన్నది బెజవాడ. ఊరి పేరు మారి ఎన్ని దశాబ్దాలు గడిచినా రైల్వే ఖాతాలో పాత పేరే నిలిచిపోయింది. 'వయా' అన్న మాట కూడా అలాగే పాత కాలపు లెక్కల్లోంచి వచ్చి మన టికెట్ మీద నిలిచినదే.

ఆశ్చర్యం ఏమిటంటే, చట్టం టికెట్ మీద దారి ఉండాలని చెప్పలేదు. 1890 నాటి భారత రైల్వే చట్టం ప్రకారం టికెట్‌పై ఉండవలసినవి తరగతి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత ఛార్జీ అన్న వివరాలు. దాని స్థానంలో వచ్చిన 1989 రైల్వే చట్టం 50వ సెక్షన్‌లో జారీ చేసిన తేదీని కలిపింది, మిగతావి అవే. అదనపు ఛార్జీ గురించి చెప్పే 138వ సెక్షన్ కూడా టికెట్ లేని ప్రయాణాన్ని, పై తరగతిలో ప్రయాణాన్ని, గమ్యం దాటి వెళ్లడాన్ని పేరు పెట్టి చెబుతుంది గానీ వేరే దారిలో వెళ్లడాన్ని విడిగా ప్రస్తావించదు. దారి గురించిన నియమాలన్నీ టారిఫ్ పుస్తకాల్లోనివి, అంటే ఛార్జీ లెక్కగట్టే పద్ధతిలోంచి పుట్టినవి. ప్రయాణికుడికి ఈ నియమం ఎందుకు అంత అయోమయంగా అనిపిస్తుందో అర్థం కావాలంటే ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

కథ బ్రిటన్‌లో మొదలవుతుంది. 1830ల చివర్లో థామస్ ఎడ్మండ్సన్ అనే స్టేషన్ మాస్టర్ వరుస సంఖ్యతో ముద్రించిన చిన్న అట్ట టికెట్లను ప్రవేశపెట్టాడు. అంతకుముందు చేత్తో రాసి ఇచ్చే చీటీలతో లెక్క తేలేది కాదు. మన దగ్గర కూడా మొన్నమొన్నటి దాకా చిన్న స్టేషన్లలో టక్కున తేదీ గుద్ది ఇచ్చిన అట్ట టికెట్ ఆయన పద్ధతిదే. అయితే ఒక కంపెనీ టికెట్ కొన్న ప్రయాణికుడు మధ్యలో ఇంకో కంపెనీ పట్టాల మీదికి వెళితే డబ్బు ఎవరికి ఎంత చెందాలి? ఆ చిక్కు తీర్చడానికి 1842లో లండన్‌లో రైల్వే క్లియరింగ్ హౌస్ ఏర్పడింది. ప్రయాణం చివర సేకరించిన టికెట్లు అక్కడికి చేరేవి. గుమాస్తాలు వాటిని చూసి, ఏ కంపెనీ పట్టాల మీద ప్రయాణం ఎన్ని మైళ్లు సాగిందో లెక్కగట్టి, సొమ్ము పంచేవారు. రెండు ఊళ్ల మధ్య వేర్వేరు కంపెనీల దారులు రెండున్నప్పుడు, ఏ దారిన వెళ్లాడో టికెట్ చెప్పకపోతే ఆ పంపకం సాగదు. అందుకే దారి టికెట్ మీదికి ఎక్కింది. ప్రయాణికుడికి దారి చూపడానికి కాదు, గుమాస్తాకు వాటా చూపడానికి.

మన ప్రాంతంలో ఆ అవసరం ఇంకా ఎక్కువగా ఉండేది. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా (జీఐపీ) రైల్వే, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాస్ రైల్వే రాయచూరులో కలిశాయి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చిన నిజాం లైను 1889 నాటికి బెజవాడ చేరింది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తీర మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి, దక్షిణాన ఉన్నది మద్రాసు కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ రోజుల్లో హౌరా నుంచి తీర మార్గంలో సికింద్రాబాద్‌కు వచ్చే మనిషి వాల్తేరు దాకా ఒకరి అతిథి, బెజవాడ దాకా మరొకరి అతిథి, ఆపైన నిజాం రైల్వే అతిథి. అతను కొన్న ఒక్క టికెట్ డబ్బు మూడు ఖాతాల్లో పడాలి. ఇలాంటి ఉమ్మడి వ్యవహారాలకు కంపెనీలన్నీ కలిసి ఏర్పరచుకున్న ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ ప్రయాణికుల ఛార్జీల నిబంధనలను ఒక టారిఫ్‌గా కూర్చింది. ఇవాళ్టి నియమాల మూలం అక్కడే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత, 1950ల మొదట్లో కంపెనీలు పోయి జోన్లు వచ్చాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. యజమాని ఒక్కడే అయినప్పుడు దారి గొడవ పోవాలి కదా అనిపిస్తుంది. పోలేదు, ఎందుకంటే అప్పటికే దారి ఛార్జీలో కలిసిపోయింది. మన రైల్వేలో ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది. ఒకే టికెట్ తీసుకోవడం ముక్కలుగా తీసుకోవడం కన్నా చౌక కావడానికి కారణం ఇదే. దూరం తెలియాలంటే దారి తెలియాలి. కాబట్టి ప్రయాణికుడు వేరే దారి కోరకపోతే అతి తక్కువ దూరం ఉన్న దారికి టికెట్ ఇవ్వడం, పొడవైన దారిలో వెళ్లాలంటే ఆ దూరానికి ఛార్జీ తీసుకోవడం సాధారణ సూత్రంగా స్థిరపడింది.

చూడడానికి న్యాయంగానే ఉన్న ఈ సూత్రంలో ఒక చిక్కుంది. అతి దగ్గరి దారి, జనం అలవాటుగా వెళ్లే దారి ఎప్పుడూ ఒకటే కావు. విజయవాడ నుంచి సికింద్రాబాద్ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వరంగల్ మీదుగా వెళ్లే 350 కిలోమీటర్ల దారి. వందేళ్లు అదే దారి. బీబీనగర్ నుంచి నడికుడికి కొత్త లైను వచ్చి, గుంటూరు వైపున్న మీటర్ గేజ్ బ్రాడ్ గేజ్‌గా మారాక గుంటూరు, నల్గొండ మీదుగా 30 కిలోమీటర్లకు పైగా దగ్గరయ్యే దారి ఏర్పడింది. అయినా ఎక్కువ రైళ్లు నడిచేది పాత దారిలోనే. పుస్తకం ప్రకారం దగ్గరిది ఒకటి, ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి తెలిసినది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం పూడాలంటే టికెట్ ఇచ్చే చోట దారి అడగాలి, చెప్పాలి. పుట్టి పెరిగిన ఊళ్లో సరే, పని కోసం మొదటిసారి రైలెక్కే కూలీకి పొడి అక్షరాలు చదివి దారి తెలుసుకోమనడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

దూరం కూడా ఎప్పుడూ నేల మీద ఉన్న దూరమే కాదు. 1998లో పూర్తిగా మొదలైన కొంకణ్ రైల్వేలో ప్రయాణికుల ఛార్జీ కోసం దూరాన్ని 40 శాతం పెంచి లెక్కించారు. సొరంగాలు, వంతెనలతో కట్టిన లైను ఖర్చు రాబట్టుకోవడానికి ఎంచుకున్న పద్ధతి అది. టికెట్‌లో కిలోమీటర్లు పటంలో కన్నా ఎక్కువగా కనిపించడానికి ఇలాంటి కారణాలుంటాయి.

రిజర్వేషన్ టికెట్‌లో ఈ గొడవ తక్కువ, ఎందుకంటే రైలును ఎంచుకోవడమే దారిని ఎంచుకోవడం. 500 కిలోమీటర్లకు మించిన టికెట్ మీద దారిలో దిగి ఆగే వెసులుబాటు ఉంది. మొదటి విరామం 500 కిలోమీటర్లు దాటాకే తీసుకోవాలి, వెయ్యి కిలోమీటర్ల లోపు ఒకసారి, ఆపైన రెండుసార్లు ఆగవచ్చు. రాజధాని, శతాబ్ది వంటి రైళ్లకు ఇది వర్తించదు. ఆగే ఊరు టికెట్‌లో ఉన్న దారిలోనే ఉండాలి కనుక 'వయా' ఇక్కడ కూడా పని చేస్తుంది. రిజర్వేషన్ లేని టికెట్ గడువు మాత్రం కుదించుకుపోయింది. 2016 మార్చి నుంచి 199 కిలోమీటర్ల లోపు టికెట్‌పై మూడు గంటల్లోగా, లేదా ఆ తర్వాత గమ్యానికి వెళ్లే మొదటి రైల్లో బయలుదేరాలి.

బ్రిటన్‌లో కథ ఇంకో మలుపు తిరిగింది. జాతీయ రైల్వేగా ఉన్నన్నాళ్లూ అక్కడి చాలా టికెట్లు సహేతుకమైన ఏ దారికైనా చెల్లేవి. 1993 చట్టంతో రైళ్లు మళ్లీ వేర్వేరు కంపెనీల చేతికి వెళ్లాక, వాటా లెక్క మళ్లీ ముందుకొచ్చింది. అప్పుడు రూటింగ్ గైడ్ అనే పెద్ద నిబంధనల సంపుటిని తయారుచేశారు. నేరుగా వెళ్లే రైలు దారి చెల్లుతుంది, అతి దగ్గరి దారి, దానికి మూడు మైళ్ల తేడాలో ఉన్న దారి చెల్లుతాయి, అవి కాక పటాల్లో గుర్తించిన దారులు చెల్లుతాయి. చదవడం కష్టమే అయినా, ఏ దారి చెల్లుతుందో ప్రయాణికుడు తానే వెతికి చూసుకోగల చోట దాన్ని ఉంచారు.

దారి మార్చినది రైల్వేయే అయితే లెక్క వేరు. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, కాజీపేట–విజయవాడ మార్గం మూతబడింది. రైళ్లు కొన్ని రద్దయ్యాయి, ఇంకొన్నింటిని గుంటూరు, నల్గొండ మీదుగా మళ్లించారు. అలా మళ్లించిన రైల్లో వెళ్లడం ఇష్టం లేనివారు, లేదా తాము ఎక్కవలసిన, దిగవలసిన స్టేషన్ ఆ కొత్త దారిలో లేనివారు ప్రయాణం మానుకుని టికెట్ డబ్బు మొత్తం వాపసు కోరవచ్చు. వరంగల్‌లో దిగవలసిన మనిషిని నల్గొండ మీదుగా వెళ్లే రైలు అక్కడికి చేర్చలేకపోతుంది కాబట్టి, ఆ డబ్బు అతనిదే.