పాత టేపును ఏఐ బతికిస్తుందా? బీటిల్స్ తొలి రికార్డింగుల చుట్టూ అపోహలు – వాస్తవాలు

స్పూల్ టేపులను, క్యాసెట్లను, గ్రామఫోను ప్లేట్లను డిజిటల్‌లోకి మార్చడం నా వృత్తి. 2023 నవంబరులో 1960ల నాటి ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ పాట, 1980లో చనిపోయిన జాన్ లెనన్ గొంతుతో ‘నౌ అండ్ దెన్’ విడుదలైనప్పటి నుంచి నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడుతున్నారు: “పాత క్యాసెట్‌లోంచి లెనన్ గొంతును ఏఐ బయటికి తీసిందట కదండీ, మాది కూడా అలాగే తీసి పెట్టండి.” ఆ ఆశను నేను తప్పుపట్టను, ఎందుకంటే పోయిన మనిషి గొంతు మళ్లీ వినబడుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. నన్ను కలవరపెట్టేది దాని వెనుకే వచ్చే రెండో మాట. “టేపుకు బూజు పట్టింది కాబట్టి ఇంట్లో ఉన్న మెషీన్ మీదే ఎంపీ3 చేసుకుని, టేపు పారేశాం. మిగతాది ఏఐ చూసుకుంటుంది కదా.”

అపోహ: సాఫ్ట్‌వేర్ ఉంది కనుక అసలు టేపుతో, దానిని ప్లే చేసే పద్ధతితో పని లేదు.

ఈ రంగంలో జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి, ఎక్కువసేపు దీని గురించే చెబుతాను.

ముందుగా ‘నౌ అండ్ దెన్’ విషయంలో నిజంగా జరిగింది ఏమిటో చూద్దాం. 1970ల చివర్లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో పియానో వాయిస్తూ లెనన్ పాడుకున్న పాట అది. ఆ క్యాసెట్‌ను 1994లో లెనన్ భార్య యోకో ఓనో, బృందంలోని పాల్ మెకార్ట్నీకి ఇచ్చారు. 1995లో బృందంలో మిగిలిన ముగ్గురూ (మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్) దాని మీద పని మొదలుపెట్టారు కానీ, పియానో గొంతును కమ్మేస్తూ ఉండడం వల్ల, వెనుక కరెంటు హమ్ (గుంయ్ మనే మోత) ఉండడం వల్ల పక్కన పెట్టేశారు. 2022లో సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆ గొంతును పియానో నుంచి వేరు చేయగలిగింది. గొంతు ఆ క్యాసెట్ మీద ముందు నుంచీ పూర్తిగానే ఉంది. దాని మీద పడిన మరో శబ్దాన్ని పక్కకు జరపడమే సాఫ్ట్‌వేర్ చేసిన పని. 1995లో పక్కన పెట్టినవారు “ఇది ఎందుకూ పనికిరాదు” అని చెరిపేసి ఉంటే, 2022లో వేరు చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

టేపు మీద లేనిదానిని సాఫ్ట్‌వేర్ తేలేదు. తెచ్చినట్టు వినిపిస్తే, అది ఊహించి అతికించినదని అర్థం. వినడానికి బాగానే ఉండవచ్చు గాని, అది మీ నాన్నగారి గొంతూ కాదు, లెనన్ గొంతూ కాదు.

బీటిల్స్ తొలి రికార్డింగులలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1958 నాటి డిస్కు. అప్పటికి వారి పేరు క్వారీమెన్. లివర్‌పూల్‌లోని కెన్సింగ్టన్ ప్రాంతంలో పర్సీ ఫిలిప్స్ అనే ఆయన తన ఇంట్లోనే నడిపిన చిన్న స్టూడియోలో లెనన్, మెకార్ట్నీ, హారిసన్, డ్రమ్స్ మీద కోలిన్ హాంటన్, పియానో మీద ‘డఫ్’ అని స్నేహితులు పిలిచే మరో కుర్రవాడు కలిసి రెండు పాటలు రికార్డు చేశారు. ఒకవైపు అమెరికా గాయకుడు బడ్డీ హాలీ పాట ‘దట్‌ల్ బీ ద డే’, మరోవైపు మెకార్ట్నీ–హారిసన్ పేర్లు కలిసి ఉన్న సొంత పాట ‘ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ద డేంజర్’. వారి చేతికి వచ్చింది ఒకే ఒక్క అసిటేట్ డిస్కు. ఐదుగురూ వంతులవారీగా తలా ఒక వారం ఉంచుకున్నారనీ, చివరికి అది డఫ్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయిందనీ మెకార్ట్నీ తరువాత చెప్పారు. 1981లో మెకార్ట్నీయే దానిని కొనుక్కున్నారు. లోకం ఆ పాటలను విన్నది 1995లో, బీటిల్స్ పాత రికార్డింగుల సంకలనం ‘ఆంథాలజీ 1’లో.

అసిటేట్ డిస్కు అంటే కర్మాగారంలో అచ్చు వేసిన ప్లేటు కాదు. అల్యూమినియం రేకు మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, ఆ పూతలో నేరుగా గాడి చెక్కుతారు. గోరు తగిలినా గీత పడేంత మెత్తని పూత అది. ఆ కాలపు బరువైన ముల్లుతో వేసిన ప్రతిసారీ గాడి గోడ కొంత అరుగుతుంది, ఆ అరుగుదలలో మొదట పోయేవి పై స్థాయి ధ్వనులు: పాటలో స, ష వంటి ఊపిరి అక్షరాలు, సింబల్ మోత, గిటారు తీగ మీద మీటు పడే చప్పుడు. ‘ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ద డేంజర్’ వింటే లెనన్ గొంతు దళసరి దుప్పటి చాటు నుంచి వస్తున్నట్టుండడానికి స్టూడియో చిన్నది కావడం ఎంత కారణమో, ఆ అరుగుదలా అంతే కారణమని నా అభిప్రాయం. చిటపటలను ఈనాటి సాఫ్ట్‌వేర్ చక్కగా తీసివేస్తుంది. అరిగిపోయిన గోడలోని ధ్వనిని మాత్రం తిరిగి ఇవ్వలేదు. అందుకే నా దగ్గరకు అసిటేట్ తెచ్చేవారిని మొదట అడిగే ప్రశ్న, “ఇందులో ఏముందో చూద్దామని ఇంట్లో వేశారా?” అన్నది. ఎక్కువమంది వేసే ఉంటారు. వారిని ఆ తరువాత ఒక్క మాట కూడా అనను, ఎందుకంటే అప్పటికే వారి ముఖం వాడిపోయి ఉంటుంది.

అసలు టేపు పారేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ‘లవ్ మీ డూ’ కథ చాలు. 1962లో ఆ పాటను రికార్డు కంపెనీ ఈఎంఐ స్టూడియోలో ముగ్గురు డ్రమ్మర్లతో మూడుసార్లు రికార్డు చేశారు: జూన్ 6న పీట్ బెస్ట్, సెప్టెంబరు 4న రింగో స్టార్, సెప్టెంబరు 11న ఆండీ వైట్. జూన్ నాటి టేపులు అవసరం లేదని ఉంచలేదు. పీట్ బెస్ట్ వాయించిన ప్రతి, పాట మధ్యలో డ్రమ్స్ నడక ఒక్కసారిగా మారిపోయే ఆ ప్రతి, ఒక అసిటేట్ దొరకడం వల్ల మాత్రమే మనకు మిగిలింది. తప్పటడుగులతో ఉన్న ఆ ప్రతి అంటే నాకు ప్రత్యేకమైన మమకారం. అంతకన్నా విడ్డూరం సెప్టెంబరు 4 నాటి ప్రతిది. మొదటి సింగిల్‌గా (వైపుకు ఒక పాట ఉండే చిన్న ప్లేటుగా) మార్కెట్‌లోకి వచ్చినది అదే, అయినా దాని మాస్టర్ టేపు (నకళ్లన్నిటికీ మూలమైన టేపు) కూడా మిగలలేదు. తరువాతి కాలంలో సీడీ తయారుచేయవలసి వచ్చినప్పుడు, ప్రపంచంలోకెల్లా పేరున్న స్టూడియోవారు ఒక 45 ఆర్‌పీఎం సింగిల్ ప్లేటును వెతికి, దాని నుంచి ధ్వని తీసుకోవలసి వచ్చింది.

మూడో ఉదాహరణ 1962 డిసెంబరులో జర్మనీలో హాంబర్గ్‌లోని స్టార్ క్లబ్‌లో బీటిల్స్ పాడుతుండగా చేసిన టేపులు. ఇంట్లో వాడుకునే గ్రుండిగ్ మెషీన్, ఒకే మైకు, సెకనుకు 9.5 సెంటీమీటర్ల టేపు వేగం. ఆ వేగంలో పై స్థాయి ధ్వనులు మొదటే సరిగ్గా నమోదు కావు. 1977లో వాటిని ఎల్పీగా విడుదల చేసే ముందు ఎంతో డబ్బు పోసి శుద్ధి చేశారు, అయినా చాలా పాటల్లో గొంతులు హాలు చివర నుంచి వస్తున్నట్టే వినిపిస్తాయి. మైకు దాకా చేరని మాటను ఏ యంత్రమూ టేపులోంచి తీయలేదు. ఆ రాత్రుల ఊపు, ఆ తొందర, ప్రేక్షకులతో ఆ పరాచికాలు మాత్రం అందులో పదిలంగా ఉన్నాయి. నన్ను అడిగితే శుద్ధి తక్కువ చేసిన ప్రతులలోనే అవి ఎక్కువ బతికి ఉన్నాయి.

మన పనికి వద్దాం. ఒక పెద్దమనిషి తన అన్నగారు కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి ఇంగ్లిషు పాటలు పాడిన స్పూల్ టేపు గురించి వచ్చారు. తెచ్చింది టేపు కాదు, పెన్‌డ్రైవ్‌లో ఎంపీ3. వారి దగ్గర ఉన్న మెషీన్‌లో హెడ్ (టేపును చదివే భాగం) కోణం తప్పి ఉండడం వల్ల ధ్వని మొద్దుబారింది, ఎంపీ3 కుదింపులో మరికొంత పోయింది. పైగా ఇళ్లలో వాడిన చాలా మెషీన్లు టేపును రెండు వైపులా రికార్డు చేసేవి. ఆయన ఒకవైపే ఎక్కించారు. రెండో వైపు ఏముందని అడిగితే, అటు కూడా ఉంటుందని తమకు తెలియదన్నారు. టేపు అప్పటికే పాత సామానుతో వెళ్లిపోయింది. ఆ పెన్‌డ్రైవ్‌లోని ధ్వనికి నేను చేయగలిగింది చేశాను, ఆయన సంతోషించారు కూడా. ఆ రెండో వైపు సంగతి మాత్రం నా మనసులోంచి పోలేదు.

కనుక చేయవలసినది ఇది: సరైన వేగంతో, సరైన హెడ్‌తో, ప్రతి టేపుకూ హెడ్ కోణం సరిచేసుకుని, ఏ శుద్ధీ చేయకుండా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా (ఎంపీ3లా కుదించని ఫైలుగా) ఎక్కించాలి. శుద్ధి చేసేది దాని నకలు మీద మాత్రమే. ఆ తరువాత కూడా టేపును పారేయకూడదు.

అపోహ: తెగిన టేపు, బూజు పట్టిన టేపు ఇక పోయినట్టే. కాదు, దయచేసి కంగారు పడకండి. పాత అసిటేట్ టేపు (పైన చెప్పిన డిస్కు కాదు, సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్‌తో చేసిన టేపు) తెగితే సాగకుండా శుభ్రంగా తెగుతుంది, అతికిస్తే తెగినచోటు చెవికి తెలియదు. బూజు చాలావరకు తుడిస్తే పోతుంది. బూజుతోనే మెషీన్ మీద వేయడం వల్లే చేటు.

అపోహ: పాత టేపును ఓవెన్‌లో వేడిచేస్తే బాగవుతుంది. 1970, 80లలో తయారైన కొన్ని పాలియెస్టర్ టేపులు జిగురు పట్టినప్పుడు, అదుపులో ఉన్న తక్కువ వేడితో చేసే చికిత్స అది. 1960ల మొదటి వరకు విరివిగా వాడిన అసిటేట్ టేపుకు అదే చేస్తే ముడుచుకుపోతుంది. స్పూల్‌ను దీపానికి ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు లోపలి నుంచి కనిపిస్తే అది అసిటేట్. వంటింటి ఓవెన్ రెండింటికీ పనికిరాదు.

అపోహ: కంపెనీలు గొప్ప రికార్డింగులను కావాలనే దాచిపెడతాయి. ఈ పుకారు వినీ వినీ విసుగొచ్చింది. 1957 జూలై 6న వూల్టన్ చర్చి ఉత్సవంలో లెనన్ పాడిన టేపును ఈఎంఐ 1994లో సదబీస్ వేలంలో 78,500 పౌండ్లకు కొన్నది. ధ్వని మరీ హీనంగా ఉండడం వల్ల ‘ఆంథాలజీ’లో చేర్చలేదు. చట్టం కూడా ఒక్కోసారి విడుదలను తరుముతుంది. ఐరోపాలో రికార్డింగు హక్కు కాలాన్ని 50 నుంచి 70 ఏళ్లకు పెంచినప్పుడు, 50 ఏళ్లలోగా విడుదల కానివాటికి ఆ పొడిగింపు లేదన్నారు. 2013 డిసెంబరులో 1963 నాటి 59 రికార్డింగులు ఆర్భాటం లేకుండా ఐట్యూన్స్‌లో ప్రత్యక్షం కావడానికి కారణం అదే.

అపోహ: టేపు నా దగ్గర ఉంది కనుక హక్కూ నాదే. వస్తువు వేరు, అందులోని ప్రదర్శన మీద హక్కు వేరు. స్టార్ క్లబ్ టేపుల విషయంలో 1998లో హారిసన్ స్వయంగా లండన్ కోర్టులో సాక్ష్యం చెప్పారు, ఆ టేపులను అమ్ముతున్న కంపెనీ చివరికి వాటిని వదులుకోవలసి వచ్చింది.

అపోహ: “డెక్కా అసలు మాస్టర్” అని అమ్మేవారి దగ్గర ఉన్నది నిజంగా మాస్టరే. 1962 జనవరి 1న డెక్కా అనే రికార్డు కంపెనీ స్టూడియోలో అప్పటి బీటిల్స్ నలుగురు, అంటే లెనన్, మెకార్ట్నీ, హారిసన్, పీట్ బెస్ట్, 15 పాటలు పాడారు. వాటిలో ఐదు ‘ఆంథాలజీ 1’లో ఉన్నాయి, మిగతావి బూట్‌లెగ్‌లుగా (అనుమతి లేని ప్రతులుగా) దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. నకలు నుంచి నకలు తీసిన ప్రతిసారీ హిస్ (టేపులోని బుస్సుమనే శబ్దం) పెరుగుతుంది, వేగం అటూ ఇటూ అవుతుంది. తిరుగుతున్న ప్రతులలో శ్రుతి ఒక్కోచోట ఒక్కో రకంగా ఉండడానికి ఇది ముఖ్య కారణం. మంచి ప్రతి బయటపడడం అసాధ్యమని నేను అనను. 2025లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రికార్డుల దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న టేపు, పాటకూ పాటకూ మధ్య లీడర్ టేపు (ధ్వని నమోదు కాని ఖాళీ టేపు ముక్క) అతికించి ఉండి, మాస్టర్‌కు చాలా దగ్గరి ప్రతిలా వినిపించింది. అయితే అది బయటపడింది సరైన మెషీన్ మీద వేసి విన్నప్పుడే గాని, పెట్టె మీద రాత చదివినప్పుడు కాదు. కాబట్టి ఆ పేరుతో టేపు కొనబోయేవారు, లీడర్ టేపు, అతుకులు, టేపు రకం, వేగం కనిపించేలా ఫోటోలు, ఏ శుద్ధీ చేయని ఒక నిమిషం వేవ్ ఫైలు ముందు అడగండి. అవి ఇవ్వనివారికి డబ్బు ఇవ్వవద్దు.